ఎదురుకాళ్ళ పిల్ల

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. ముందు పాదాలు, తర్వాత నడుము, చిట్టచివర తల. మా అమ్మను అంత హింస పెట్టి పుట్టినందుకు నన్నెవరూ తిట్టలేదు సరికదా, మంత్రసాని నన్ను ఎత్తి చూపిస్తూ "ఊరికి నడుం తొక్కే పిల్ల పుట్టింది" అందట. ఆడపిల్ల అనే సంగతి ఆ తర్వాత చెప్పిందట. మాచవరం పక్కన మిరపా పత్తీ పండే ఊరు మాది. అన్నీ వంగి చేసే పనులే. అలాంటి ఊళ్ళో నాలాంటి పిల్ల ఒకతె ఉండటం చాలా అవసరం.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ పాదం తగిలితే పట్టేసిన నడుం వదిలేస్తుందని మా వైపు నమ్మకం. మా ఊళ్ళో దానికో పద్ధతి ఉండేది. వరసగా మూడు ఆదివారాలు, పొద్దున్నే, ఇద్దరూ మంచినీళ్ళైనా ముట్టకముందు తొక్కాలి. నడుం పట్టిన మనిషి చాప మీద బోర్లా పడుకుంటుంది. తొక్కేవాళ్ళు గోడకు చెయ్యి ఆనించి, కుడి పాదాన్ని ఆ నడుం మీద పెట్టి, పైనుంచి కిందికి మూడుసార్లు అదమాలి. డబ్బు ముట్టకూడదు. బెల్లం ముక్క పెడితే తినొచ్చు. తొక్కించుకున్న మనిషి లేచి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి వెళ్ళిపోవాలి. తొక్కినవాళ్ళు వెనకనుంచి పిలవకూడదు. పిలిస్తే పోయిన నొప్పి ఆ పిలుపు పట్టుకుని తిరిగొస్తుందట.

ఏడేళ్ళు నిండేసరికి నాకు గిరాకీ మొదలైంది. మిరపకోతల రోజుల్లో ఆదివారం తెల్లారేసరికి మా వసారాలో ముగ్గురు నలుగురు కూర్చుని ఉండేవాళ్ళు. తాతల వయసు వాళ్ళు నా ముందు బోర్లా పడుకుని "తల్లీ, కాస్త చూసి తొక్కమ్మా" అని బతిమాలుతుంటే ఏ పిల్లకి తల నిలుస్తుంది? నాకైతే నిలవలేదు. బడిలో పంతులుగారు కోప్పడితే, నీకూ ఒకరోజు నడుం పట్టకపోతుందా అని మనసులో అనుకునేదాన్ని. మనుషుల్ని నేను మొహాలతో కంటే నడుములతో ఎక్కువ గుర్తుపట్టేదాన్ని. కొన్ని నడుములు నాపరాయిలా గట్టిగా ఉండేవి. కొన్నిట్లో పూసలు విడివిడిగా పాదానికి తగిలేవి. ఆ స్పర్శలు నా అరికాలికి ఇప్పటికీ జ్ఞాపకమే. ఇదేదో గొప్ప కోసం చెప్పడం లేదు. వాటిలో ఒకటి మర్చిపోవాలని ఇరవై ఎనిమిదేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, కుదరడం లేదు.

ఆ నడుం మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండే ఆవిడది. చుట్టరికం లేదు గానీ పిన్నీ అని పిలిచేదాన్ని. అప్పటికి ముప్ఫై దాటి ఉంటాయి. మిరపకోతలో ఆమె ముందు సాలు పట్టిందంటే వెనకవాళ్ళు అందుకోలేక తిట్టుకునేవాళ్ళు. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. నేనంటే ఆమెకు ముద్దు. ఎక్కడ కనబడినా "ఏమే ఎదురుకాళ్ళదానా" అని పిలిచేది. ఇంకెవరైనా అంటే కొట్టబోయేదాన్ని, ఆమె అంటే పలికేదాన్ని.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా, కల్లంలో మిరపకాయల బస్తా ఎత్తబోయి ఆమె నడుం పట్టేసింది. నొప్పి నడుంలో ఆగలేదు. పిర్రలోంచి తొడ వెనక్కి, అక్కణ్ణించి పిక్కలోకి దిగి, కాలి బొటనవేలిదాకా కరెంటు పాకినట్టు ఉందని చెప్పింది. ఇప్పుడైతే ఆ మాట వింటూనే నాకు చెమటలు పడతాయి. అప్పుడు వింత కూడా అనిపించలేదు. మొదటి ఆదివారం తొక్కాను, రెండో ఆదివారం తొక్కాను. కొంచెం నయమే అంది.

మూడో ఆదివారం మాకు పిడుగురాళ్ళలో కాలేజీ స్పెషల్ క్లాసు ఉంది. బస్సు ఏడింటికి. పిన్ని ఆలస్యంగా వచ్చింది. పుస్తకాలు చంకలో పెట్టుకునే నేను కాలు పెట్టాను. ఒకసారి అదిమాను, రెండోసారి అదిమాను. ఆమె చాప మీద మొహం ఆనించుకునే నవ్వి, "గట్టిగా తొక్కవే, కోడిపిల్ల నడిచినట్టుంది" అంది. ఆమె ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది. కానీ నాకు బస్సు పోతుందన్న చిరాకు, ఇన్నేళ్ళుగా పెరిగిన పొగరు, రెండూ కలిశాయి. గోడ మీంచి చెయ్యి తీసి, రెండు పాదాలతో ఆమె నడుం మీదికెక్కి ఒక్క గెంతు గెంతాను.

కటుక్కుమంది. పెద్ద శబ్దమేం కాదు, ఎండిన పత్తికట్టె విరిగితే వచ్చేపాటిది. పిన్ని అరవలేదు. లోపలి ఊపిరంతా ఒక్కసారిగా బయటికి పోయినట్టయింది. కాసేపు కదలకుండా పడుకుని, తర్వాత గోడ పట్టుకుని లేచింది. మొహం తెల్లగా ఉంది. "వదిలినట్టే ఉందే" అని మెట్లు దిగి వీధిలోకి నడిచింది, పద్ధతి ప్రకారం వెనక్కి చూడకుండా.

ఆమె వెళుతుంటే చూశాను. కుడి పాదం సరిగ్గా లేవడం లేదు. బొటనవేలు నేలకు రాసుకుంటూ పోతోంది. మా గుమ్మం దగ్గర్నుంచి మలుపుదాకా దుమ్ములో సన్నటి గీత పడింది. పిన్నీ అని పిలవడానికి నోరు తెరిచాను కూడా. వెనకనుంచి పిలవకూడదని గుర్తొచ్చింది. అంతలోనే బస్సు హారన్ వినబడింది. నోరు మూసుకుని బస్సు వైపు పరుగెత్తాను. జరిగింది ఇంతే. పిలిచి ఉంటే ఏమయ్యేదన్నది తప్ప నేను మోస్తున్నది ఇంకేం లేదు.

మంగళవారానికి పిన్ని మంచం దిగలేకపోయింది. అంతకంటే పెద్ద సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒంటేలు రావడం ఆగిపోయింది. కూర్చునే చోటంతా మొద్దుబారి, తాకితే తెలియడం మానేసింది. ఇలాంటివి మగవాళ్ళకు చెప్పుకుంటారా? కడుపు ఉబ్బి, కేకలు పెట్టిన రోజున గానీ మొగుడికి తెలియలేదు. ఊళ్ళో డాక్టరు ఇంజక్షన్ చేశాడు. ఎవరో వాతం కమ్మిందన్నారు, ఇంకెవరో తైలం తెచ్చారు. ఎనిమిదో రోజున ట్రాక్టర్ ట్రక్కులో పరుపేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చానా ఆలస్యం చేశారని అక్కడ చెప్పారట.

నాలుగు నెలలకు లేచింది. కుడి పాదం మాత్రం లేవలేదు. ఒంటేలు మీద ఆమెకు మళ్ళీ పట్టు రాలేదు. కోతలకు పోవడం ఆగింది, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం ఆగింది. బట్టలు తడుస్తాయని నలుగురిలో కూర్చోవడమే మానేసింది. నోరు మాత్రం కొంత మిగిలింది. గుమ్మంలో కుర్చీ వేసుకుని, పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పలకరించేది.

నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. ఊరంతా ఏమందంటే, "ఆ పిల్ల తొక్కబట్టి ఆ మాత్రమన్నా లేచింది, లేకపోతే మంచంలోనే పోయేది" అని. పిన్ని కూడా అదే నమ్మింది. నేను కనబడితే చాలు, దగ్గరికి పిలిచి నా కుడి పాదాన్ని రెండు చేతులతో తాకి కళ్ళకద్దుకునేది. నేను కాలు వెనక్కి లాక్కుంటే, వినయం అనుకుని మురిసిపోయేది. కక్కలేక మింగలేక నవ్వేదాన్ని. ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

తొక్కడం మానేశాను. ఊరికే మానేస్తే అడుగుతారు కదా. పెళ్ళవగానే ఒక అబద్ధం కల్పించాను. పెళ్ళయిన ఆడదాని కాలికి ఆ మహిమ ఉండదట అన్నాను. ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. పదేళ్ళ తర్వాత ఎవరో ముసలావిడ ఆ నియమాన్ని నాకే చెప్పింది, తాతల కాలంనుంచీ ఉన్నదని.

తర్వాత చదువుకుని సైన్సు టీచర్నయ్యాను. నరసరావుపేటలో కాపురం. ఏటా పిల్లలకు బోర్డు మీద వెన్నెముక బొమ్మ వేస్తాను. ఏటా ఎవరో ఒకరు లేచి, "మేడం, ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళు తొక్కితే నడుంనొప్పి తగ్గుద్దంట గదా" అని అడుగుతారు. మూఢనమ్మకం అని గట్టిగా చెప్పి, కారణాలు వివరించి, పరీక్షకు ప్రశ్న కూడా ఇస్తాను. అలా చెప్పేటప్పుడు నా కుడికాలు బల్ల కిందికి జరుపుకోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పేవి శ్రీరంగనీతులు మరి.

మొన్న వేసవి సెలవులకు ముందు ఒక పొద్దున వాష్‌బేసిన్ మీదికి వంగి మొహం కడుక్కుంటూ తుమ్మాను. తుమ్మితే ఊడిపోయే ముక్కు అంటారు. నాకు ఊడింది ముక్కు కాదు. నడుంలో ఏదో తెగినట్టయి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డాను. అరగంటలో నొప్పి పిర్రలోకి, తొడ వెనక్కి, పిక్కలోకి దిగింది. కుడికాలి బొటనవేలిదాకా కరెంటు పాకింది. ఆ దారి నాకు తెలుసు. ఒక మనిషి మా వసారాలో కూర్చుని వేలితో చూపించిన దారి అది. గచ్చు మీద పడుకుని నేను ఏడ్చింది నొప్పికి కాదు, భయానికి.

మా ఆయనకు నా చిన్నప్పటి వైభోగం తెలుసు గానీ మూడో ఆదివారం సంగతి తెలియదు. నన్ను లేపి మంచమెక్కిస్తూ, "ఊరందరి నడుములూ తొక్కినదానివి, నీ నడుం ఎవరు తొక్కాలే ఇప్పుడు?" అని నవ్వించబోయారు. ఎదురింటావిడ ఇంకో అడుగు ముందుకేసి, రెండో వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టిన పాప ఉందని, తీసుకురమ్మంటావా అని అడిగింది. నేను అరిచిన అరుపుకు ఆవిడ వారంపాటు మా ఇంటివైపు చూడలేదు. క్షమాపణ చెప్పుకున్నాను గానీ కారణం చెప్పలేదు.

స్కానింగ్ తీయించారు. డాక్టరు ఆ ఫిల్ములను లైటు పెట్టెకు తగిలించి, నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య నల్లగా అణిగి వెనక్కి పొడుచుకొచ్చిన చోటు చూపించాడు. ఎముకల మధ్య ఒత్తిడి ఆపడానికి డిస్కులుంటాయని నేను పిల్లలకు చెప్పేదే. ఆయన ఇంకా తేలిగ్గా చెప్పాడు. "మేడం, బొబ్బట్టు ఒత్తేటప్పుడు ఒకపక్క గట్టిగా నొక్కితే ఏమవుతుంది? రెండోపక్క చిరిగి పూర్ణం బయటికొస్తుంది. ఇదీ అంతే. ఆ వచ్చింది కాలికి పోయే నరం మీద పడింది. అందుకే జబ్బు నడుంలో, నొప్పి కాల్లో."

ఆ తర్వాత మామూలుగా అడిగాడు, "ఎవరితోనన్నా తొక్కించుకున్నారా?" అని. గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకున్నాను. "లేదు సార్, నేను తొక్కించుకోలేదు" అన్నాను. 'నేను' అన్న మాటని ఒత్తి పలికానేమో, ఆయన తలెత్తి చూశాడు.

ఆపరేషన్ అవసరం లేదన్నాడు. చాలామందికి ఆ పొడుచుకొచ్చింది నెలల మీద కుంచించుకుపోతుందని, ఓపిక పట్టమని చెప్పాడు. తర్వాత వేళ్ళు మడిచి మూడు సంగతులు చెప్పాడు. ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా. కూర్చునే చోటు మొద్దుబారినా. పాదం లేవకుండా నేలకు ఈడ్చుకుపోతున్నా. ఈ మూడింట్లో ఏది వచ్చినా పగలూ రాత్రీ చూడకుండా పరుగెత్తుకు రావాలి, సిగ్గుపడి దాచుకోకూడదు అన్నాడు. ఆయన నాకు జాగ్రత్తలు చెబుతున్నాడు. నాకు పిన్ని కనబడుతోంది.

"సార్, అవన్నీ వచ్చిన మనిషిని అదేరోజు తీసుకొస్తే?"

"వెంటనే ఆపరేషన్ చేస్తారు. ఎంత తొందరగా వస్తే అంత మంచిది. చాలావరకు దక్కించుకోవచ్చు."

"ఎనిమిది రోజులాగితే?"

ఆయన పెదవి విరిచాడు. తొక్కడం వల్ల అలా అవుతుందా అని అడిగాను. "ముందే చిరిగిన డిస్కయితే తుమ్మినా జారొచ్చు, తొక్కినా జారొచ్చు. దాని వల్లే అని ఎవరూ చెప్పలేరు. కానీ తొక్కడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు" అన్నాడు. నా గెంతుకు ఆ అనుమానమైనా అండగా దొరికింది. నేను పిలవకపోవడానికి ఏ అండా దొరకలేదు. ఆ పొద్దున పాదం ఈడ్చుకుపోవడాన్ని చూసిన మనిషిని ఈ లోకంలో నేనొక్కదాన్నే.

రెండు నెలలు సెలవు పెట్టాను. మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం, లేవాలంటే ముందు పక్కకు ఒత్తిగిల్లి చెయ్యి ఊతతో లేవడం, ఇరవై నిమిషాలు మించి కూర్చోకపోవడం, కింద పడినది ఏదైనా దాన్ని అక్కడే ఉండనివ్వడం నేర్చుకున్నాను. మంచానికే అతుక్కుపోవద్దని, చదును నేల మీద రోజూ కాస్త కాస్త నడవమని డాక్టరు చెప్పాడు. పెరట్లో నాపరాళ్ళ మీద గోడ వెంబడే నడిచేదాన్ని. తర్వాత ఫిజియోథెరపీ ఆవిడ వచ్చి బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద లేవమనేది. బోర్లా పడుకుని, మొహం చాపకు ఆనించినప్పుడల్లా నా వెనక ఎవరో నిలబడినట్టు ఉండేది. ఎవరో ఏంటి, నేనే. పదిహేడేళ్ళ నేను, చంకలో పుస్తకాలతో. అందుకే ఆ వ్యాయామం చేసేటప్పుడు ఆవిణ్ణి నా కళ్ళెదుట నిలబడమనేదాన్ని.

నెల తిరిగేసరికి నొప్పి పాదంలోంచి పిక్కకు, పిక్కలోంచి తొడకు పైకి జరగడం మొదలుపెట్టింది. అలా పైకి పోతే తగ్గుతున్నట్టేనట. కానీ పాదం పైభాగం, బొటనవేలు మొద్దుబారే ఉన్నాయి. అవును, కుడిదే. పాపం పండిందని నేననను, సైన్సు చెప్పుకు బతికేదాన్ని. కానీ మధ్యాహ్నాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ వేలిని గిల్లి చూసుకుంటూ, ఇది పిన్నికి కూడా ఇలాగే ఉండి ఉంటుంది కదా అనుకునేదాన్ని. నాకు రెండు నెలలు. ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. నేను చెప్పకపోతే నిజం నాతోనే పోతుంది. ఆమె మాత్రం నా పాదం కళ్ళకద్దుకుంటూనే పోతుంది. అది ఇక నావల్ల కాలేదు.

తొమ్మిదో వారంలో, ఒక ఆదివారం, డాక్టరిచ్చిన బెల్టు నడుముకు బిగించుకుని మొదటి బస్సు ఎక్కాను. కూర్చోవడం కంటే నిలబడటమే నయం కాబట్టి పిడుగురాళ్ళదాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఖాళీ సీట్లు ఉండగా నిలబడ్డ నన్ను చూసి కండక్టర్ టిక్కెట్టు డబ్బులు తీసుకుంటూ, "సీటు మీద ఏమన్నా మొక్కుందా అమ్మా?" అన్నాడు. అక్కణ్ణించి ఇంకో బస్సు మారి ఊళ్ళో దిగాను. అమ్మ పోయాక ఆ ఊరికి నేను పెద్దగా వెళ్ళింది లేదు.

పిన్ని గుమ్మంలోనే కుర్చీలో ఉంది. అరవై దాటాయి, జుట్టంతా తెల్లబడింది. చీర కుచ్చిళ్ళ దగ్గర మడిచిన పాత గుడ్డ పెట్టుకునే అలవాటు అలాగే ఉంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుంది.

"ఏమే ఎదురుకాళ్ళదానా! నడుముకి ఆ బెల్టు ఏందే?"

"నాకూ పట్టేసింది పిన్నీ."

"నీకా!" అని పగలబడి నవ్వింది. నవ్వి, వెంటనే లోపలికి కేకేసింది. "ఏమే అమ్మాయ్, వదినొచ్చింది, చాపెయ్యి. నువ్వేం తినలా గదా ఇంకా?" నా వైపు తిరిగి చెప్పింది. "మా కోడలికి మొన్న బిందె ఎత్తబోతే నడుం పట్టింది. కాల్లోకి దిగుద్దంట నొప్పి. నిన్నట్నించి నిన్నే తలుచుకుంటన్నా. పెళ్ళయితే పోద్దంటారు గానీ, నీ కాలు మహిమ పోయేది కాదు. నన్ను లేపిన కాలు గదా అది."

కోడలు నడుం పట్టుకుని వంకరగా నడుస్తూ వచ్చింది. ముప్ఫై లోపు పిల్ల. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించి, చాప పరిచి, గోడ పక్కన బోర్లా పడుకుంది. చీర కాస్త పక్కకు లాగి నడుం చూపించింది. పచ్చటి నడుం, మధ్యలో పూసల వరస. నా పాదం జివ్వుమంది. మొద్దుబారిన వేలికి అంత చలనం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు.

"తొక్కను పిన్నీ" అన్నాను.

"ఏందే?"

"తొక్కకూడదు. ఈ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"ఉజ్జోగం చేసేదానివి, మా బోటోళ్ళని తొక్కితే కాలు అరిగిపోద్దా? ఎవురెవురికో తొక్కినావు, నా కోడలికి తొక్కవా?" ఆమెకు నిజంగానే కోపమొచ్చింది. కోడలు తల పక్కకు తిప్పి నన్ను చూస్తోంది.

ఆ అమ్మాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒంటేలు మామూలుగా వస్తోందా అని, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా అని మెల్లగా అడిగాను. సిగ్గుపడుతూ, బాగానే ఉందని చెప్పింది. పాదం పైకి ఎత్తమన్నాను, ఎత్తింది. నా ఊపిరి నాకు తిరిగొచ్చింది. ఆ ప్రశ్నలు వింటున్న పిన్ని మొహంలో కోపం పోయింది. ఇంకేదో వచ్చింది.

"అవన్నీ నీకెట్టా తెలుసే? అయ్యన్నీ నాకొచ్చినయ్యే గదా. నేనెవురికీ చెప్పలా."

చెప్పాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను, నా ఫిల్ము సంగతీ చెప్పాను. బస్సు పోతుందని రెండు కాళ్ళతో గెంతానని చెప్పాను. "కటుక్కుమనడం నాకు వినబడింది పిన్నీ. నువ్వు పోతంటే చూశా. నీ పాదం లేవట్లా, దుమ్ములో గీతపడింది. చూసి కూడా పిలవలా."

నేను ఊరి మాటలోకి జారిపోవడం నాకే వింతగా వినబడింది. కోడలు లేచి కూర్చుంది. పిన్ని కుర్చీలోంచి నా వైపు ముందుకు వంగింది.

"ఎందుకు పిలవలా?"

"ఎనకనించి పిలవకూడదు గదా. బస్సు కూడా వచ్చింది."

ఆమె తన కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వీధి వైపు చూసింది. "మలుపుకాడ నాకూ అనిపించిందే," అంది. "కాలు నాది కానట్టుంది, ఎనక్కెళ్ళి ఆ పిల్లకి చెబుదామా అని. ఎనక్కి తిరిగితే నొప్పి మళ్ళీ అంటుకుద్దని పోయా."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పొద్దున్ని నేను వెయ్యిసార్లు చూశాను, ఎప్పుడూ ఆమె వీపే చూశాను. మలుపు దగ్గర ఆమె ఆగి ఉండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. ఒక్క పిలుపు చాలు, తిరిగి ఉండేది. నేను బిగ్గరగా ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఏడవొద్దనీ అనలేదు.

కోడలు ఆటో కోసం మొగుడికి ఫోన్ చేస్తానని లోపలికి వెళ్ళింది. అప్పుడు పిన్ని, ఏదో ధర అడుగుతున్నంత మామూలుగా అడిగింది.

"ఆ రోజే ఆసుపత్రికి పోయుంటే నా కాలు నాకుండేదా?"

"ఉండేదేమో పిన్నీ."

"ఏమో అనమాక. డాక్టర్నడిగావు గదా. ఏమన్నాడు?"

"ఆ రోజే అయితే చాలావరకు దక్కేదన్నాడు."

"రెండోది? ఈ తడవడం?"

"అది కూడా."

ఆమె ఒడిలో ఉన్న గుడ్డను సరిచేసుకుంది. అంచు అంచుకు కలిపి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. నా పాదం వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. ఇన్నేళ్ళకు ఆ తిట్టు కోసమే వచ్చానేమో.

"ఇన్నేళ్ళూ ఆ దేవుణ్ణి తిట్టుకుంటా కూకున్నానే," అంది. "పాపం, ఆయన్ని."

ఆటో వచ్చిందని కోడలు పిలిచింది. పిన్ని గోడ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించాను. ఆమె పట్టుకోలేదు.